జీడిచెట్టు కింద ఎం.ఎడ్.

2020 మార్చి 18, బుధవారం. హాస్టల్లో సాయంత్రం టీ ఇంకా దిగలేదు, కబురు వచ్చేసింది. రేపటి నుంచి రాష్ట్రమంతా బడులు, కాలేజీలు, యూనివర్సిటీలు మూత. నెలాఖరు దాకా సెలవులు. నేనప్పుడు విశాఖలో ఎం.ఎడ్. రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. గదిలో నలుగురం ఉండేవాళ్ళం, నలుగురమూ సంతోషపడ్డాం. ఉగాది వారం రోజుల్లోకి వచ్చింది కదా, పండగ చేసుకుని ఏప్రిల్ మొదట్లో వచ్చేద్దాం అనుకున్నాం. రెండు జతల బట్టలు, ఒక రికార్డు పుస్తకం, ఫోను, ఛార్జరు. సంచిలో పెట్టుకున్నది అంతే. నోట్సులు, పుస్తకాలు మంచం కింద ట్రంకుపెట్టెలోనే ఉండిపోయాయి. కిటికీ ఊచకి ఆరేసిన తువ్వాలు కూడా తియ్యలేదు.

మర్నాడు పలాస పాసింజరు ఎక్కాను. నౌపడ దగ్గర ఉప్పుమళ్ళు కనబడగానే ఇల్లొచ్చేసినట్టు ఉంటుంది నాకు. ఆ రోజూ అలాగే అనిపించింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒక్కసారి తుమ్మితే పెట్టెలో అందరూ అటు తిరిగి చూశారు. అంతకుమించిన భయం అప్పటికి మాకు తెలీదు.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలంలో ఒక ఊరు. మందస అనగానే చాలామంది కోవా గురించి అడుగుతారు. నాకు మాత్రం ముందు మహేంద్రగిరి గుర్తొస్తుంది. పొద్దున్నే వాకిట్లో నిలబడితే కనబడేది ఆ కొండే. ఉద్దానం నేల కాబట్టి ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. నాన్నకి ఎకరంన్నర జీడితోట ఉండేది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు తోటలో సగానికి పైగా చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. నాన్న ఆ పడిపోయిన చెట్ల మధ్య తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడిన తీరు నేనెప్పటికీ మరచిపోలేను. మిగిలినవాటిలో, తోట చివర గట్టు మీద ఒక ముసలి చెట్టుంది. కొమ్మలు నేలదాకా వాలి, మళ్ళీ పైకి లేచి ఉంటాయి. నేను ఎం.ఎడ్. చదివింది ఆ చెట్టు కిందే.

22న జనతా కర్ఫ్యూ. 24 రాత్రి ప్రధాని టీవీలో 21 రోజుల లాక్‌డౌన్ చెప్పారు. తెల్లారితే ఉగాది, శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని అర్థమట. పంచాంగం చూసే మా పెదనాన్న ఆ మాట చెప్పి ఊరుకున్నాడు, ఎవరం ఏమీ అనలేదు. ఆ ఏడాది వేపపువ్వు కోసం కూడా పక్క వీధికి వెళ్ళలేదు మేము.

ఏప్రిల్ రెండో వారంలో మా మేడం నుంచి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. "అందరూ క్షేమమేనా? రేపు పదకొండుకి ఒకసారి కలుద్దాం. లింకు పెడతాను." లింకు పెడితే కలవడం ఏమిటో మాలో చాలామందికి తెలీదు. ఎం.ఎడ్. అంటే రేపు టీచర్లకి పాఠం చెప్పబోయేవాళ్ళం. బోధనలో సాంకేతికత అని ఒక పేపరు చదివి, ప్రొజెక్టరు బొమ్మ గీసి భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకున్నవాళ్ళం. అయినా ఆ పదకొండు గంటలకి నా గుండె దడదడలాడింది.

ఇంట్లో సిగ్నల్ లేదు. మాటకి సరిపోయేది గానీ బొమ్మ వచ్చేది కాదు. డాబా ఎక్కితే ఒక గీత, బావి దగ్గరకి వెళ్తే రెండు. ఫోను ఎత్తి పట్టుకుని తోట దాకా నడిచాను. గట్టు మీద ఆ ముసలి చెట్టు కిందకి వచ్చేసరికి మూడు గీతలు వెలిగాయి. అక్కడే కూలబడ్డాను. తెరమీద చిన్న చిన్న గడుల్లో తెలిసిన మొహాలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒకరి వెనక ఎర్రచీర తెరగా కట్టి ఉంది, ఇంకొకరి వెనక ధాన్యం బస్తాలు. మేడం వంటింట్లో కూర్చున్నారు. "వినబడుతోందా అమ్మా?" అన్నారు. అందరం ఒక్కసారి "వినబడుతోంది మేడం" అన్నాం. ఆ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినబడలేదు. అయినా నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు వారాలుగా ఇంట్లోవాళ్ళ గొంతులు తప్ప ఇంకో గొంతు వినలేదు మరి.

మొదట వాడిన యాప్ ఉచితంగా 40 నిమిషాలే ఇచ్చేది. మాట మధ్యలో తెగేది, మళ్ళీ కొత్త లింకు, మళ్ళీ "వినబడుతోందా". మే నెలలో గూగుల్ మీట్ అందరికీ ఉచితం చేశారు, అందులోకి మారాం. క్లాసుకి ఇంత డేటా పోతుందని లెక్క వేసుకునేవాళ్ళం. రోజుకి ఒకటిన్నర జీబీ. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, వాడికి వేరే ఫోను లేదు. నా క్లాసు అయ్యేదాకా వాడు చెట్టు కొమ్మ మీద కూర్చుని ఎదురుచూసేవాడు.

చెట్టు కింద చదువు ఊళ్ళో ఇట్టే తెలిసిపోయింది. రెండో రోజునే అటుగా వెళ్తున్న చిన్నమ్మ ఒకామె ఆగి, "ఏటే గుంటా, ఆ సెట్టు కింద కూకుని ఎవులితో మాటాడతన్నావు?" అంది. "క్లాసు చిన్నమ్మా" అన్నాను. నమ్మినట్టే తలూపింది గానీ సాయంత్రానికి ఆ మాట మా అమ్మ చెవిన పడింది. పెళ్ళీడు ఆడపిల్ల, చేతిలో ఫోను, తోటలో ఒక్కతే. అమ్మ నన్నేమీ అనలేదు. మర్నాడు గంప చంకన పెట్టుకుని "నానూ వొస్తాను పద" అని బయలుదేరింది.

అది జీడి కాలం. ఏప్రిల్, మే నెలల్లో పళ్ళు రాలుతూనే ఉంటాయి. పండు తీసి, కింద వేలాడే పిక్కని మెలితిప్పి వేరుచేసి గంపలో వెయ్యాలి. అమ్మ పిక్కలు ఏరుతూ నా పక్కనే కూర్చునేది. నేను చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను తీసేసి స్పీకరు పెట్టేశాను, ఎవరికీ అనుమానం లేకుండా. అలా మా అమ్మ రెండు నెలలపాటు నాతోపాటు ఎం.ఎడ్. క్లాసులు వింది. ఒకరోజు మేడం రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ గురించి చెబుతున్నారు. పిల్లవాడు ఒంటరిగా చెయ్యలేనిది, తెలిసినవాళ్ళు పక్కనుంటే చెయ్యగలడు, ఆ రెంటికీ మధ్య ఉన్న జాగాలోనే చదువు జరుగుతుందని. అమ్మ పిక్క మెలితిప్పుతూ, "ఆ మేడం సెప్పింది నిజిమే. ఈత నేర్సుకోడం అలాగే గదా" అంది. మైకు ఆన్‌లో ఉందని నేను చూసుకోలేదు. మేడం ఆగిపోయారు. ఒక్క క్షణం తర్వాత, "అమ్మగారూ, నమస్కారం. ఆ ఈత సంగతి కొంచెం చెప్తారా?" అన్నారు. అమ్మ కొంగు సర్దుకుని, ఫోను వైపు చూడకుండా చెట్టు వైపు చూస్తూ చెప్పింది. నడుము కింద చెయ్యి పెట్టి నీళ్ళమీద ఆపాలనీ, పిల్లకి తెలీకుండా ఆ చెయ్యి మెల్లగా తీసెయ్యాలనీ. ఇరవైమంది విన్నారు. ఆ పాఠం పరీక్షలో వచ్చినప్పుడు మా క్లాసులో చాలామంది ఈత ఉదాహరణే రాశారని తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచి ఇంట్లో క్లాసు సమయం అంటే ఒక పట్టింపు వచ్చింది. పదకొండు కాకముందే "గుంటకి టైమైపోతంది" అని అమ్మే అందరినీ కసిరేది. నాన్న రెండు కొయ్యలు పాతి, పైన పాత తలుపు చెక్క బిగించి బల్ల చేశాడు. మా పెదనాన్న కొడుకు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రం హోమ్ అని ఇంటికి వచ్చి ఉన్నాడు. అన్నయ్యకీ ఆ చెట్టే దిక్కయింది. ఒకే బల్ల మీద ఒక పక్క ఆయన ఆఫీసు మీటింగు, ఇంకో పక్క నా క్లాసు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. పిక్కలు వలిచే పని నేనూ చేసేదాన్ని. జీడి సొన చర్మానికి తగిలితే కాలుతుంది. వేళ్ళు నల్లబడి, తర్వాత పొరలు పొరలుగా ఊడతాయి. మే నెలకి నా బొటనవేలి మీద గీతలు చెరిగిపోయాయి. ఫోను వేలిముద్రతో తెరిచేదాన్ని. ఒకరోజు క్లాసు మొదలయ్యే వేళకి ఎన్నిసార్లు వేలు పెట్టినా తెరుచుకోలేదు. తుడిచి పెట్టాను, తడిచేసి పెట్టాను, ఎడమచెయ్యి పెట్టాను. నా వేలిని నా ఫోను గుర్తుపట్టలేదు. పలాసలో జీడిపప్పు పరిశ్రమల్లో ఏళ్ళ తరబడి పని చేసే ఆడవాళ్ళు రేషను దుకాణంలో వేలిముద్ర పడక ఇబ్బంది పడతారని అంతకుముందు విన్నాను. వినడం వేరు. నంబరు నొక్కి తెరిచి క్లాసులోకి వెళ్ళేసరికి హాజరు అయిపోయింది. మేడం చివర్లో నా పేరు మళ్ళీ పిలిచారు.

మేడంకి అప్పటికి యాభై దాటాయి. మాలాగే ఆవిడకీ అదంతా కొత్తే. నాలుగు లావుపాటి పుస్తకాలు దొంతరగా పేర్చి, వాటిమధ్య ఫోను ఇరికించి, కింద అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో రాసి చూపించేవారు. సిగ్నల్ లేనివాళ్ళ కోసం అదే పాఠాన్ని రాత్రి కూర్చుని పది పది నిమిషాల ఆడియోలుగా మళ్ళీ చెప్పి వాట్సాప్‌లో పెట్టేవారు. ఆ ఆడియోల్లో వెనక కుక్కర్ కూత, వాళ్ళింటి గడియారం గంటలు కూడా ఉండేవి. నా పాత ఫోనులో అవి ఇంకా ఉన్నాయి.

ఆ మార్చి నెలాఖరులోనే అమెరికాలో చార్లెస్ హాడ్జెస్, మరికొందరు కలిసి రాసిన ఒక వ్యాసాన్ని మేడం మాకు చదివి వినిపించారు. ముందునుంచీ పథకం వేసుకుని తయారుచేసే ఆన్‌లైన్ చదువు వేరు, విపత్తులో ఉన్నపళాన క్లాసుని తెరమీదకి మార్చడం వేరు, రెండోదాన్ని అత్యవసర దూరబోధన అనాలి అని వాళ్ళ వాదన. "మనం చేస్తున్నది రెండోదమ్మా. దీన్ని చూసి మొదటిదాని మీద తీర్పు చెప్పకండి" అన్నారు మేడం. దూరవిద్య మనవాళ్ళకి కొత్త కాదు. 1982లోనే మన రాష్ట్రంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది, దానికే తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మా మేనమామ అందులోనే బి.ఏ. చేశాడు, పోస్టులో వచ్చే పుస్తకాలకి అట్టలు వేసుకుని, ఆదివారాలు స్టడీ సెంటరుకి వెళ్ళి. ఆయన దాన్ని కోరి ఎంచుకున్నాడు. మాకు ఎంచుకునే వీలు లేదు.

మూడో సెమిస్టర్ కూడా ఇంటి దగ్గరే మొదలైంది. మా సీనియర్ల చివరి పరీక్షలు ఉంటాయా ఉండవా అని జూలై అంతా టెన్షన్. యూజీసీ జూలై 6న సెప్టెంబరు నెలాఖరులోగా జరపాల్సిందే అంది, ఆగస్టు 28న సుప్రీంకోర్టు కూడా పరీక్షలు లేకుండా డిగ్రీ కుదరదని తేల్చింది. ఆ గొడవ మధ్యనే మేము పరిశోధన అంశాలు ఎంచుకోవాలి. నేను అడిగింది ఒక్కటే: మేడం, మన మీదే చేస్తాను. మహమ్మారి కాలంలో పీజీ విద్యార్థులు ఆన్‌లైన్ చదువుని ఎంతవరకు అంగీకరించారు?

ఈ అంశానికి ఒక దారి అప్పటికే ఉంది. ఫ్రెడ్ డేవిస్ అనే అమెరికా పరిశోధకుడు 1989లో చెప్పాడు. కొత్త సాంకేతికతని మనిషి అంగీకరించడానికి రెండు కారణాలు ముఖ్యం: అది నాకు పనికొస్తుందన్న నమ్మకం, వాడడం తేలికన్న నమ్మకం. 2003లో విశ్వనాథ్ వెంకటేశ్, మరికొందరు దానికి ఇంకొన్ని చేర్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమంటారన్నది ఒకటి, చేతికి అందే సౌకర్యాలు ఇంకొకటి. వాటిని చదువుతుంటే నాకు మా తోట కళ్ళముందు కదిలింది. గంప చంకన పెట్టుకుని వచ్చిన అమ్మ, పాత తలుపుతో బల్ల చేసిన నాన్న. వెంకటేశ్ చెప్పిన ఆ రెండూ మా గట్టు మీదే ఉన్నాయి.

ప్రశ్నావళి తెలుగులో రాద్దామనుకున్నాను. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళే మాలో ఎక్కువ. అక్కడే చిక్కుపడ్డాను. అసలు 'యాక్సెప్టెన్స్' అనే ఆ మొదటి మాటకే తెలుగు దొరకలేదు. అంగీకారం, ఆమోదం, స్వీకారం, సమ్మతి. నిఘంటువు చూస్తే అన్నీ సరైనవే. ఒక్కటీ నా అనుభవానికి అతకలేదు. రాత్రి వంటింట్లో కూర్చుని పైకే అనుకుంటున్నాను. "ఒప్పుకోవడం అందామా?" అన్నాను. అమ్మ చేపలు కడుగుతోంది. "ఒప్పుకోకుంతే ఏటి సేస్తారే? సర్దుకున్నారు" అంది.

సర్దుకోవడం. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒప్పుకున్నవాడికి కాదనే హక్కు ఉంటుంది. సర్దుకునేవాడి ముందు ఒకటే ఉంటుంది, దాంట్లోనే ఎలాగో జాగా చేసుకుంటాడు. రైలు పెట్టెలో ముగ్గురు కూర్చునే బల్ల మీద నాలుగోవాడికి జరిగినట్టు. మేము ఎం.ఎడ్. చేసింది అలాగే అనిపించింది. కానీ అదొక్కటే నిజం కాదు. సర్దుకుని కూర్చున్నాక కొందరికి ఆ చోటు నచ్చింది కూడా.

మా క్లాసులో ఒకామెకి జనవరిలో పాప పుట్టింది. మార్చిలో విశాఖ వదిలేటప్పుడు, ఇక చదువు ఆపేస్తానని మాతో చెప్పింది. ఆన్‌లైన్ అయ్యాక ఒక్క క్లాసు మానలేదు. పాప ఏడిస్తే మైకు ఆపేది, నిద్రపోతే ఆన్ చేసేది. ఆమె నాతో అన్నది నాకు ఇప్పటికీ గుర్తే: "మీరందరూ ఇది ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారు. నాకు మాత్రం ఇదే లేకపోతే ఎం.ఎడ్. లేదు." ఇంకో అబ్బాయి, ఏడాదంతా చివరి బెంచీలో కూర్చుని నోరు విప్పనివాడు, చాట్‌లో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాడు. ఎంత మంచి ప్రశ్నలో! గొంతు వణుకుతుందనే భయంతో ఇన్నాళ్ళూ అడగలేదట. ఆన్‌లైన్ చదువుని ఎవరైనా ఒక్కమాటలో తీసిపారేస్తే నాకు వీళ్ళిద్దరూ గుర్తొస్తారు, బాధేస్తుంది.

వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున ఇంకో స్నేహితురాలు ఉండేది. వాళ్ళన్నయ్య గుజరాత్‌లోని వీరావల్‌లో బోటు పనికి వెళ్ళి, లాక్‌డౌన్‌లో అక్కడే చిక్కుకుపోయాడు. మన జిల్లావాళ్ళు వేలమంది అలా బోట్లలోనే ఉండిపోయారు ఆ నెలంతా. ఇంటికి ఒకటే ఫోను. ఏ క్షణంలో అన్నయ్య ఫోను వస్తుందోనని వాళ్ళమ్మ దాన్ని కొంగులో కట్టుకుని తిరిగేది. క్లాసు కోసం ఆ ఫోను అడగడానికి ఆమెకి మనసొప్పలేదు. ఏప్రిల్ నెలాఖరులో ప్రభుత్వం బస్సులు పెట్టి వాళ్ళని తీసుకొచ్చాకే ఆమె మాకు తెరమీద కనబడింది.

ప్రశ్నావళిని గూగుల్ ఫామ్‌లో పెట్టాను. ఒక్కో వాక్యానికి ఐదు గడులు: పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, చెప్పలేను, అంగీకరించను, పూర్తిగా అంగీకరించను. మాట నచ్చకపోయినా అంగీకారమే వాడాల్సి వచ్చింది, కొలబద్ద అలాంటిది. లింకు గ్రూపులన్నిటికీ పంపాను. వారం తిరక్కుండానే జవాబులు వచ్చిపడ్డాయి. రంగురంగుల వలయాలు చూసి మురిసిపోయాను. చాలామంది అంగీకరిస్తాను అనే అన్నారు. ఆ రాత్రే మేడంకి ఫోను చేశాను.

అంతా విని మేడం ఒకటే అడిగారు. "లింకు తెరవలేని పిల్లలు ఎలా పూర్తి చేశారమ్మా?"

నాకు నోట మాట రాలేదు. ఇంటర్నెట్ చదువు ఎలా ఉందని ఇంటర్నెట్‌లో అడిగాను. ఇంటర్నెట్ ఉన్నవాళ్ళే జవాబు చెప్పారు. అంత చిన్న సంగతి నాకు తట్టలేదు, అదీ చెట్టు కింద కూర్చుని చదివే నాకు! జాతీయ నమూనా సర్వే 75వ విడత లెక్కలు నా నోట్సులోనే ఉన్నాయి. 2017-18 నాటికి దేశంలో ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్ళు పట్టణాల్లో నూటికి 42, పల్లెల్లో 15 కూడా లేవు. కంప్యూటర్ ఉన్న ఇళ్ళయితే పల్లెల్లో నూటికి ఐదు లోపే. ఆ అంకెలు నా పరిశోధన వ్యాసం మొదటి అధ్యాయంలో రాసి, మూడో అధ్యాయంలో మరచిపోయాను.

మందసలో జిరాక్స్ షాపు పొద్దున పూట తెరుస్తున్నారు. నలభై కాగితాలు తీయించాను. హాజరు పట్టీలో ఎవరి పేర్లు పలికినా జవాబు రావడం లేదో, వాళ్ళ చిరునామాలు స్నేహితుల దగ్గర అడిగి పోగేశాను. ఒక్కో కవరులో ప్రశ్నావళి, తిరుగు కవరు, దాని మీద స్టాంపు కూడా అంటించి నాన్న చేతికిచ్చాను. ఆయన సైకిల్ మీద పోస్టాఫీసుకి తీసుకెళ్ళాడు. నెలన్నర పట్టింది. ఒక్కొక్కటే తిరిగి వచ్చేవి. ఒకదాని మీద పసుపు మరక, ఒకటి వానకి తడిసి సిరా పాకిపోయింది. ఒక కాగితం వెనక, అడగకపోయినా, "మేము చదువు మానేశాం అనుకున్నారా?" అని రాసి ఉంది. ఆ వాక్యం చూసిన రోజు నాకు అన్నం సయించలేదు.

నవంబరు 2న మళ్ళీ కాలేజీలు తెరిచారు. హాస్టల్ గది తలుపు తీస్తే ముక్క వాసన. ట్రంకుపెట్టెలో నోట్సులకి చెద పట్టలేదు, అదృష్టం. కిటికీ ఊచకి తువ్వాలు అలాగే ఉంది. ఎండకి ఒక వైపు తెల్లగా వెలిసి, చేత్తో పట్టుకుంటే చిరిగింది. క్లాసులో బెంచీకి ఒకరు, మూతికి మాస్కు. మేడం లోపలికి వచ్చి అలవాటుగా "వినబడుతోందా?" అన్నారు. మేమందరం నిజంగానే అక్కడే ఉన్నాం. ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు.

ఐదు నెలలు గడిచాయో లేదో రెండో అల వచ్చింది. దాని గురించి ఎక్కువ రాయలేను. మళ్ళీ ఇంటికి, మళ్ళీ చెట్టు కిందకి. 2021 మే 5 నుంచి రాష్ట్రంలో మధ్యాహ్నం పన్నెండు తర్వాత కర్ఫ్యూ. ఒకరోజు హాజరు పిలుస్తుంటే, చాట్‌లో ప్రశ్నలు అడిగే ఆ అబ్బాయి పేరు దగ్గర జవాబు లేదు. కాసేపటికి చాట్‌లో ఒక వాక్యం వచ్చింది: "నాన్న పోయారు మేడం." మేడం పుస్తకం మూసేశారు. ఎవరం కాల్ కట్ చెయ్యలేదు. మైకులన్నీ తెరిచే ఉంచాం. గంటసేపు అతను మాట్లాడుతుంటే విన్నాం, మాట్లాడనప్పుడు ఊరికే ఉన్నాం. ఎవరో ఇంట్లో కోడి కూసింది, ఎక్కడో వాన పడుతోంది. ఎవరికీ ఎవరి ఇంటికీ వెళ్ళే వీలు లేని రోజుల్లో, ఇరవై ఇళ్ళు ఆ గంటసేపు ఒకచోట ఉన్నాయి. నా ప్రశ్నావళిలో దీనికి సంబంధించిన వాక్యం ఒక్కటీ లేదు.

ఆ నెలలోనే అన్నయ్య ల్యాప్‌టాప్‌లో జవాబులన్నీ ఎక్కించడం మొదలుపెట్టాను. పూర్తిగా అంగీకరిస్తాను అంటే 5, పూర్తిగా అంగీకరించను అంటే 1. కాగితాల కట్టలో చివరిది సీతంపేట ఏజెన్సీ నుంచి వచ్చింది. అది పంపిన సవర అమ్మాయి క్లాసులో నా పక్కన కూర్చునేది. ఊళ్ళో సిగ్నల్ లేదు. రోజూ పొద్దున్నే కొండ ఎక్కి, బండ మీద కూర్చుని, మేడం ఆడియోలు దించుకుని, కిందకి వచ్చి వినేది. వర్షాకాలంలో ఒకసారి జారి మోకాలు చీరుకుపోయిందని మాకు చెప్పనే లేదు, నవంబరులో హాస్టల్లో మచ్చ చూసి అడిగితే తెలిసింది.

ఆ కాగితంలో పదిహేడో వాక్యం: "మహమ్మారి ముగిశాక కూడా ఆన్‌లైన్ తరగతులు కొనసాగాలని కోరుకుంటాను." అంగీకరిస్తాను, చెప్పలేను, ఈ రెండు గడుల మధ్యనున్న గీత మీద టిక్కు పెట్టింది. పొరపాటున పడిందేమో అనుకున్నాను. కానీ పెన్ను గట్టిగా నొక్కి పెట్టినట్టు కాగితం వెనక అచ్చు కూడా పడింది. 4 వెయ్యాలా, 3 వెయ్యాలా?

మేడం ఫోనులో, "నువ్వు ఊహించకు. అడుగు" అన్నారు. ఆ అమ్మాయికి మెసేజ్ పెట్టాను. మర్నాడు పొద్దున ఏడింటికి తనే ఫోను చేసింది. వెనక గాలి హోరు.

"ఒసేయ్, పదిహేడో దాంట్లో టిక్కు ఏ గడిదే?" అన్నాను.

"ఏ గడిదీ కాదే. క్లాసులు ఇలాగే ఉండాలి. మేడం ఆడియో ఎన్నిసార్లయినా వినొచ్చు, అర్థం కాకపోతే మళ్ళీ వినొచ్చు. క్లాసులో అలా అడగలేను కదా. కానీ కొండ ఎక్కలేను. ఎంత వెతికినా ఆ రెండూ కలిపి చెప్పే గడి లేదు. అందుకని గీత మీద పెట్టాను."

గాలి ఎక్కువై మాట తెగిపోయింది.

జవాబు లేనిచోట 9 వెయ్యాలి, అది లెక్కలో కలవదు. అలా చెయ్యడమే పద్ధతి. కాగితం మీద ఆ గీత పక్కన పెన్సిల్‌తో 9 అని రాసి, ల్యాప్‌టాప్‌లో కూడా 9 కొట్టాను. తర్వాత నాలుగో అధ్యాయం చివర, పట్టికలన్నీ అయ్యాక, ఆ అమ్మాయి చెప్పిన మాటలు చెప్పినవి చెప్పినట్టు రాశాను. వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పట్టికలు తిప్పేసి ఆ పేజీ దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి, "ఈ అమ్మాయి ఇప్పుడేం చేస్తోంది?" అని అడిగారు. "బయటే ఉంది సార్, తర్వాతి నంబరు తనదే" అన్నాను.